పాత జిప్సీ క్లచ్, గేర్‌బాక్స్ మరమ్మతు: జబ్బు గుర్తించడం నుంచి మళ్లీ ఎక్కించడం దాకా

పాత మారుతి జిప్సీ కొన్నవాళ్లకు ఏడాది తిరగకముందే ఎవరో ఒక మెకానిక్ ఈ మాట అంటాడు: "గేర్‌బాక్స్ పోయింది సార్, దింపాలి." నాకూ అన్నారు. బండి కొన్న మూడో నెలలో, పాడేరు ఘాట్ ఎక్కి వచ్చాక, రెండో గేరు నుంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా కింద నుంచి 'ధడ్' మని ఒక దెబ్బ వినిపించేది. షెడ్డులో బాక్స్ దింపారు, విప్పారు, సింక్రో రింగులు (గేరు మారేటప్పుడు పళ్ల వేగాన్ని కలిపే ఇత్తడి రింగులు) మార్చారు. దెబ్బ మాత్రం అలాగే ఉంది. అసలు జబ్బు గేర్‌బాక్స్‌లో లేదు. వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ ఊపును ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) రబ్బరు మౌంటింగ్ ఒకటి పూర్తిగా చిరిగిపోయి ఉంది. నేనే కింద పడుకుని టార్చి వేసి చూస్తే రెండు నిమిషాల్లో కనపడింది.

అప్పటి నుంచి క్లచ్ పని నేనే చేసుకుంటున్నాను. గేర్‌బాక్స్ విప్పడం రెండుసార్లు చేశాను. అందుకే ఈ వ్యాసంలో సగం భాగం స్పానర్ పట్టుకోకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ముందు బండి అమరిక తెలుసుకోండి

జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. మొదటి ఎంజీ410 మోడల్‌కి 970 సీసీ ఇంజిన్, 4 గేర్లు. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కి 1298 సీసీ ఇంజిన్, 5 గేర్లు. నాది కింగ్ కాబట్టి ఇక్కడ చెప్పే కొలతలు దానికే. మీది పాత 4 గేర్ల బండి అయితే పద్ధతి ఇదే గానీ కొలతలకు దాని సర్వీస్ మాన్యువల్ చూసుకోండి. సైన్యం, పోలీసు శాఖ, అటవీ శాఖ దశాబ్దాల పాటు వాడిన బండి ఇది. ఇప్పుడు మన చేతికి వచ్చేవాటిలో చాలా వరకు వేలంలో అమ్మినవే. అలాంటి బండిలో ఇంతకు ముందు ఎవరు ఏం విప్పారో, ఏ బోల్టు బదులు ఏది బిగించారో ఎవరికీ తెలియదు. ప్రతి బోల్టునూ కొత్తగా చూడాల్సిందే.

జిప్సీలో మనకు బాగా కలిసొచ్చే విషయం ఒకటుంది. పాత మహీంద్రా జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ తోకకే బిగించి ఉంటుంది. రెండూ కలిపి దింపాలి, బరువు ఎక్కువ. జిప్సీలో అవి రెండూ వేర్వేరు. గేర్‌బాక్స్ ఇంజిన్‌కి అతుక్కుని ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు కాస్త వెనక, ఛాసిస్‌కి మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. రెండిటికీ మధ్య ఒక చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. ఆ చిన్న షాఫ్ట్ తీసేస్తే ట్రాన్స్‌ఫర్ కేసును దాని చోట ఉంచి గేర్‌బాక్స్ ఒక్కటే దింపుకోవచ్చు. ఇద్దరు మనుషులుంటే ఇంటి దగ్గరే అయ్యే పని.

ఇబ్బంది కూడా అందులోనే ఉంది. ఈ మూడు భాగాలూ ఒకదాని శబ్దం ఇంకోదాని నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి.

దింపే ముందు చెవితో చేసే పరీక్షలు

బండిని చదునైన నేల మీద పెట్టి నాలుగు చక్రాలకూ రాళ్లో దిమ్మలో పెట్టండి. ఇది మాట వరసకి చెప్పడం లేదు. ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే, గేర్‌లో వదిలినా బండి ఆగదు. గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయి ఉంటుంది. ఏటవాలులో ఉంటే దొర్లిపోతుంది.

మొదట గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ ఆన్ చేయండి. క్లచ్ పెడల్ మీద కాలు వేయకుండా వినండి. గరగరమని శబ్దం వస్తూ, పెడల్ పూర్తిగా తొక్కగానే అది ఆగిపోతే, అనుమానం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి ఊపును లోపలికి తెచ్చే కడ్డీ) బేరింగ్ మీదో లేషాఫ్ట్ (దాని పక్కనే తిరుగుతూ మిగతా గేర్లను నడిపే కడ్డీ) బేరింగుల మీదో పడాలి. పెడల్ తొక్కితే ఆ రెండు షాఫ్టులూ ఆగిపోతాయి కదా, అందుకే శబ్దం కూడా ఆగుతుంది. దీనికి భిన్నంగా, పెడల్ తొక్కడం మొదలుపెట్టగానే కీచుమని శబ్దం వస్తే అది రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కి విడదీసేది). పెడల్ పూర్తిగా నొక్కి ఉంచినప్పుడు మాత్రమే సన్నగా ఏడుస్తున్నట్టు వస్తే పైలట్ బేరింగ్‌ని (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్ మధ్యలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను పట్టుకునేది) కూడా అనుమానించండి. ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగి, ఫ్లైవీల్ తిరుగుతున్న ఆ సమయంలోనే పైలట్ బేరింగ్‌కి పని పడుతుంది.

రెండో పరీక్ష జిప్సీ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలోనే చేయగలం. ట్రాన్స్‌ఫర్ లివర్‌ని న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజిన్ ఆన్ చేసి ఒకటో గేరు వేసి క్లచ్ వదలండి. బండి కదలదు కానీ గేర్‌బాక్స్ మొత్తం, చిన్న షాఫ్ట్, ట్రాన్స్‌ఫర్ ఇన్‌పుట్ భాగం తిరుగుతాయి. ఇలా ఒక్కో గేరూ మార్చి వినండి. రోడ్డు మీద వినపడే శబ్దం ఇక్కడ అసలు రాకపోతే గేర్‌బాక్స్ వైపు కాకుండా ట్రాన్స్‌ఫర్ వెనక భాగం, పొడవు షాఫ్టుల క్రాస్ బేరింగులు (షాఫ్టు చివరల్లో ఉండే కీళ్లు), క్రౌన్ (ఇరుసు మధ్యలోని గేర్లు) వైపు వెతకండి. బరువు పడితేనే వచ్చే శబ్దాలు కొన్ని ఈ పరీక్షకు దొరకవు కాబట్టి రోడ్డు పరీక్ష కూడా చేయాలి.

రోడ్డు మీద గమనించాల్సింది నాలుగో గేరు. నాలుగో గేరు నిష్పత్తి 1:1. ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ నేరుగా కలిసి తిరుగుతాయి, లేషాఫ్ట్ మీద బరువు పడదు. ఒకటి, రెండు, మూడు, అయిదు గేర్లలో ఏడుపు ఉండి, నాలుగులో మాత్రం బాగా తగ్గిపోతే లేషాఫ్ట్ బేరింగులో, పళ్లో అరిగాయని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అన్ని గేర్లలో ఒకేలా ఉండి, శబ్దం వేగంతో మాత్రమే పెరుగుతుంటే అది గేర్‌బాక్స్ వెనకున్న భాగాలది.

ఇప్పుడు కింద పడుకోండి. ట్రాన్స్‌ఫర్ కేసు మూడు మౌంటింగులనూ ఒక్కొక్కటిగా రాడ్డుతో మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు లోహం నుంచి విడిపోయిందా, పగిలిందా? చిన్న షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి, పైకీ కిందికీ కదిపి చూడండి. క్రాస్ బేరింగ్‌లో ఏ మాత్రం ఆట (వదులు) ఉన్నా తెలిసిపోతుంది. గేర్లు మార్చేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలేటప్పుడు వచ్చే దెబ్బలకు నేను చూసినంతలో ఎక్కువ కారణం ఇవే.

గేరు లివర్ గంజిలో గరిటెలా తిరుగుతుంటే, ఏ గేరు ఎక్కడుందో చేతికి తెలియకపోతే, దానికి బాక్స్ దింపనక్కర్లేదు. లివర్ అడుగున ప్లాస్టిక్ సీటు, బుష్ ఉంటాయి. అవి అరిగితేనే ఇలా అవుతుంది. బండి లోపల కూర్చుని మార్చేసుకోవచ్చు.

క్లచ్ జారుతోందా, వదలడం లేదా

ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

జారడం అంటే ఇంజిన్ ఊపు చక్రాలకు పూర్తిగా అందకపోవడం. ఎత్తు ఎక్కుతున్నప్పుడు నాలుగో గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. మాడు వాసన వచ్చిందంటే పరీక్ష అక్కడితో ఆపేయండి.

వదలకపోవడం అంటే పెడల్ తొక్కినా ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌తో కలిసి తిరగడం. రివర్స్ గేరుకి సింక్రో రింగు ఉండదు కాబట్టి ఈ జబ్బును అదే బయటపెడుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పెడల్ పూర్తిగా తొక్కి, 5 సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ వదలడం లేదు. చాలామంది దీన్ని సింక్రో రింగుల జబ్బు అనుకుని బాక్స్ విప్పిస్తారు.

రెండింటికీ మొదట చూడాల్సింది కేబులే. జిప్సీ క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. పెడల్‌ని వేలితో నొక్కితే గట్టిదనం తగిలే ముందు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట అసలు లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఆనుకునే ఉండి క్లచ్ జారుతుంది, బేరింగ్ కూడా త్వరగా పోతుంది. ఆట మరీ ఎక్కువైతే క్లచ్ వదలదు. కింద క్లచ్ చేతి దగ్గరున్న నట్టుతో సరిచేయండి. సగం బండ్లు ఇక్కడే బాగైపోతాయి.

కేబుల్ పదే పదే బిగుసుకుపోతుంటే ఇంకో విషయం చూడండి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ ఉందా? అది తెగితేనో తుప్పు పడితేనో, సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్ ఉక్కు తీగ ఇంజిన్ వైపును బాడీతో కలుపుతుంది కాబట్టి అందులోంచి పోతుంది. తీగ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి అంటుకుంటుంది. నేను ఒక్క ఏడాదిలో రెండు కేబుళ్లు మార్చాక గానీ ఆ పట్టీ లేదని చూసుకోలేదు.

వానాకాలంలో నెలల తరబడి నిలిపిన బండిది మరో సంగతి. వాగు దాటి వచ్చి అలాగే పెట్టేస్తే క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అంటుకుపోతుంది. పెడల్ ఎంత తొక్కినా గేరు పడదు. ఖాళీ మైదానంలో, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజిన్ వేడెక్కాక ఆపి, రెండో గేరు వేసి, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. బండి కదులుతుంది. పెడల్ తొక్కే ఉంచి యాక్సిలరేటర్ ఇస్తూ వదులుతూ ఉంటే చాలాసార్లు టప్‌మని విడిపోతుంది. నాలుగైదు ప్రయత్నాల్లో విడిపోకపోతే దింపక తప్పదు.

ఆయిల్ ఏం చెబుతుంది

దింపాలని నిర్ణయించుకున్నాక మొదటి పని గేర్‌బాక్స్ ఆయిల్ తీయడం. డ్రెయిన్ విప్పే ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పి చూడండి. అది తుప్పుతో రాకపోతే, ఆయిల్ తీసేశాక మళ్లీ పోసే దారి ఉండదు.

ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలోకి పట్టి వెలుతురులో చూడండి. బంగారు రంగు పొడి సన్నగా మెరుస్తుంటే అది ఇత్తడి సింక్రో రింగుల అరుగుదల. కొంచెం ఉండటం మామూలే. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు ముక్కలు, పంటి చెక్కలు కనపడితే బాక్స్ విప్పాల్సిందే. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. వాగులో దిగినప్పుడు వేడి బాక్స్ ఒక్కసారిగా చల్లబడి లోపలికి గాలిని పీలుస్తుంది. బ్రీదర్ (బాక్స్‌కి గాలి ఆడే చిన్న దారి) మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల నుంచి నీళ్లే లాక్కుంటుంది. అందుకే బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తొడిగి ఇంజిన్ గదిలో పైకి తెచ్చి కట్టుకోవడం ఏజెన్సీ రోడ్లలో తిరిగేవాళ్లకు చాలా అవసరం.

దింపడం

బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. బండిని నాలుగు గట్టి స్టాండ్ల మీద ఎత్తండి. జాకీ మీద నిలిపిన బండి కింద తల పెట్టకండి. ఇటుకల మీద అసలే వద్దు, బరువుకి ఒక్కసారిగా చిట్లిపోతాయి.

1. బండి లోపల గేరు లివర్ బూటు విప్పండి. లివర్ మొదట్లో గుండ్రటి మూత ఉంటుంది. దాన్ని వేళ్లతో కిందికి నొక్కి, గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పితే లివర్ పైకి వచ్చేస్తుంది. రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి.

2. చిన్న షాఫ్ట్ ఫ్లాంజ్ మీద, దాని జోడు మీద కలిపి ఒక పెయింటు గీత పెట్టండి. మళ్లీ అదే వరసలో బిగించకపోతే వణుకు రావచ్చు. నాలుగు బోల్టులు తీసి షాఫ్ట్ బయటికి తీయండి. చోటు ఇరుకనిపిస్తే ముందు చక్రాలకు వెళ్లే షాఫ్ట్ కూడా తీసేయండి.

3. రివర్స్ లైటు స్విచ్ వైర్లు, క్లచ్ కేబుల్ విడదీయండి. సైలెన్సర్ గొట్టం అడ్డొస్తే దాని బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. అక్కడ తొందరపడితే బోల్టు విరిగి ఒక పూట పోతుంది.

4. సెల్ఫ్ మోటారు తీసి పక్కకు కట్టండి. వైరు మీద వేలాడదీయకండి.

5. ఇంజిన్ ఆయిల్ సంప్ కింద ఒక చెక్క పెట్టి జాకీతో ఆనించండి. ఎత్తకండి, బరువు ఆపితే చాలు. గేర్‌బాక్స్ కింద రెండో జాకీ. అప్పుడు వెనక క్రాస్ మెంబర్ విప్పండి.

6. బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఇంజిన్‌కి అతికే గేర్‌బాక్స్ ముందు భాగం) చుట్టూ ఉన్న బోల్టులన్నీ తీయండి. పొడవులు వేరుగా ఉంటాయి. ఒక అట్ట మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి.

7. ఇప్పుడు ఇద్దరు కలిసి బాక్స్‌ని తిన్నగా వెనక్కి లాగండి. ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేటు నుంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా బాక్స్ బరువు ఆ షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు. అలా వేలాడితే ప్లేటు హబ్ వంగిపోతుంది. ఇది ఎక్కించేటప్పుడు ఇంకా ముఖ్యం. కొత్త ప్లేటు వేసినా క్లచ్ వదలడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

క్లచ్ పని

బెల్ హౌసింగ్ లోపలి నల్లటి పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పీలిస్తే ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేసే పదార్థం అది. ముక్కుకి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. షెడ్డుల్లో కుర్రాళ్లు రోజూ ఆ పొడి పీలుస్తుంటే చూడలేకపోతాను. మీరు పని చేయించుకుంటున్నా సరే, ఈ ఒక్క మాట చెప్పండి.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఒకవైపు పూర్తిగా విప్పేస్తే స్ప్రింగు ఒత్తిడికి కవరు వంగుతుంది. ప్లేటు చేతికొచ్చాక రివెట్ తల మీద నుంచి లైనింగ్ ఎంత ఎత్తుందో కొలవండి. కొత్తదానిలో 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది. 0.5కి తగ్గితే పారేయాల్సిందే. కానీ నా సలహా ఏమిటంటే, ఇంత కష్టపడి దింపాక లైనింగ్ సగం మిగిలి ఉన్నా కొత్తది వేసేయండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కలిపి ఒకేసారి మార్చాలి. వీటిలో ఏ ఒక్కటి తర్వాత పోయినా మళ్లీ ఈ పనంతా మొదటి నుంచీ చేయాలి.

ప్లేటు మీద ఆయిల్ మరకలుంటే ఎక్కడిదో తేల్చుకోకుండా కొత్తది వేయకండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజిన్ వెనక సీల్ నుంచి వచ్చింది. చిక్కగా, గంధకం కంపు కొడుతుంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్‌ది.

ఫ్లైవీల్ ముఖం చూడండి. నీలం రంగు మచ్చలు, వెంట్రుక లాంటి పగుళ్లు, వేలి గోరుకి తగిలే గాడి ఉంటే లేత్ షాపులో ముఖం చేయించాలి. పగుళ్లు లోతుగా ఉంటే మార్చడం మేలు. ఏమీ లేకపోతే ఎమరీ పేపరుతో పాలిష్ తీసేసి, థిన్నర్‌తో తుడిస్తే చాలు. రిలీజ్ ఫోర్కు షాఫ్ట్ బుష్‌లను ఎవరూ పట్టించుకోరు. అవి అరిగితే పెడల్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. చేత్తో ఊపి ఆట ఉంటే మార్చండి.

కొత్త ప్లేటు పెట్టేటప్పుడు స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చిన వైపు ప్రెషర్ ప్లేటు వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు తగులుతుంది. ప్లేటును మధ్యకు తేవడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ఉంటే అంతకంటే మంచి పనిముట్టు లేదు. లేకపోతే చెక్క కర్రకి టేపు చుట్టి, కొన పైలట్ బేరింగ్‌లో, లావు భాగం ప్లేటు హబ్‌లో సరిగ్గా పట్టేలా చేసుకోండి. బోల్టులు ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించి, చివరికి 18 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య టార్క్ రెంచ్‌తో ముగించండి. స్ప్లైన్ల (ఇన్‌పుట్ షాఫ్ట్ మీద ప్లేటు ఎక్కే గాడుల) మీద గ్రీజు అతి పలచగా రాసి, ఎక్కువైంది తుడిచేయండి. తిరిగేటప్పుడు ఎగిరి లైనింగ్ మీద పడితే కొత్త ప్లేటు పాడైపోయినట్టే. రిలీజ్ బేరింగ్‌ని పెట్రోల్‌లోనూ డీజిల్‌లోనూ కడగకండి. లోపలి గ్రీజు కరిగిపోతుంది.

గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తే

పైన చెప్పిన పరీక్షలు బేరింగులవైపో సింక్రో వైపో చూపిస్తేనే విప్పండి. క్లచ్ కోసం దింపాం కదా అని బాగున్న బాక్స్ తెరవడం నాకు ఇష్టం ఉండదు. గట్టి బల్ల, సర్‌క్లిప్ ప్లయర్, బేరింగ్ పుల్లర్, రోల్ పిన్ పంచ్, ఫీలర్ గేజ్ ఉండాలి. బేరింగులు ఎక్కించే ప్రెస్ ఇంట్లో ఉండదు, లేత్ షాపుకి తీసుకెళ్లాలి.

బయట మట్టి మొత్తం కడిగి ఆరబెట్టాకే తెరవండి. వెనక ఎక్స్‌టెన్షన్ కేసు తీశాక అల్యూమినియం కేసు రెండు సగాలుగా విడిపోతుంది. మధ్యలో గాస్కెట్ ఉండదు, లిక్విడ్ సీలెంట్ మాత్రమే. అది అంటుకుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. గాటు పడిన చోట జీవితాంతం ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి.

సెలెక్టర్ రాడ్లు తీసేటప్పుడు చిన్న బాల్స్, స్ప్రింగులు ఎగిరిపోతాయి. ఒక చెయ్యి రంధ్రానికి అడ్డం పెట్టుకోండి. తీసిన ప్రతి భాగానికీ ఫోటో తీయండి. షాఫ్ట్ మీద నుంచి వచ్చిన గేర్లు, రింగులు, వాషర్లు అదే వరసలో, అదే ముఖం పైకి ఉండేలా ఒక కర్రకు ఎక్కించి పెట్టండి. స్లీవ్‌కీ హబ్‌కీ మార్కరుతో గీత పెట్టండి. చాలా ఏళ్లు కలిసి అరిగిన జోడీని విడదీసి వేరే వరసలో కలిపితే గేరు బిగుసుకుంటుంది.

ఇప్పుడు కొలతలు. సింక్రో రింగును దాని గేరు కోన్ మీద పెట్టి చేత్తో నొక్కి, రింగు పళ్లకీ గేరు పళ్లకీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. బాగున్న రింగుకి 1.0 నుంచి 1.4 మిల్లీమీటర్లు ఉంటుంది. 0.5కి పడిపోతే రింగు పని అయిపోయింది. రెండో గేరు రింగు అన్నిటికంటే ముందు పోతుంది. ఘాట్‌లో దిగుతూ మూడు నుంచి రెండుకి ఎక్కువసార్లు లాగేది దాన్నే కదా.

గేరు దానంతట అదే ఊడిపోతుంటే స్లీవ్ కలిసే డాగ్ పళ్లు చూడండి. కొనలు పదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగి ఉంటే ఆ గేరు, స్లీవ్ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే కొద్ది నెలల్లో మళ్లీ ఊడుతుంది. పళ్లు బాగుంటే ఫోర్కు కొనల అరుగుదల, బాల్ వెనక స్ప్రింగుల బలం చూడండి. స్ప్రింగు కొత్తదానితో పక్కపక్కన పెడితే పొట్టిదైంది లేనిది కంటికే తెలుస్తుంది.

బేరింగులు మాత్రం అన్నీ ఒకేసారి మార్చండి. వాటి మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెప్పి మంచి కంపెనీ బేరింగులు బయట బేరింగ్ షాపులో కొనవచ్చు. ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌కి ఎక్కే బేరింగ్‌ని లోపలి రింగు మీదే ఒత్తాలి. బయటి రింగు మీద కొడితే గుండ్లు తిరిగే దారిలో గుంటలు పడి మొదటి రోజే మోగుతుంది. పాత సర్‌క్లిప్పులు, రోల్ పిన్నులు, సీళ్లు మళ్లీ వాడకండి.

మూసేటప్పుడు మర్చిపోకూడనివి ఇంటర్‌లాక్ పిన్నులు. రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపేవి అవే. అవి లేకుండా మూస్తే, రెండు గేర్లు కలిసి పడి బాక్స్ మొత్తం బిగుసుకుపోవచ్చు. కేసు ముఖాలు థిన్నర్‌తో తుడిచి, సీలెంట్ సన్నటి దారంలా వేయండి. ఎక్కువ వేస్తే లోపలికి పిండుకుని ఆయిల్ దారుల్లో పడుతుంది. మూశాక ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పుతూ ప్రతి గేరూ వేసి చూడండి. ఒక గేరు వేసి ఉండగా ఇంకో రాడ్డు కదలకూడదు. కదిలితే బాధ అనుకోకుండా మళ్లీ విప్పండి.

ఎక్కించడం, ఆయిల్, మొదటి కిలోమీటర్లు

ఎక్కించడం దింపిన వరసకు వెనక నుంచి ముందుకు. ఇన్‌పుట్ షాఫ్ట్ ప్లేటులోకి దూరకపోతే గేరు వేసి, వెనక షాఫ్ట్‌ని చేత్తో కొంచెం తిప్పితే స్ప్లైన్లు కలుస్తాయి. చివరి కొద్దిపాటి సందును బెల్ హౌసింగ్ బోల్టులతో లాగి మూయకండి. చేత్తో తోస్తేనే కలవాలి. కలవడం లేదంటే ప్లేటు మధ్యలో లేదు. ఎర్త్ పట్టీ తిరిగి బిగించారో లేదో చూసుకోండి.

గేర్‌బాక్స్‌కి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకి 0.8 లీటరు పడుతుంది. లెక్క కంటే, చదునైన నేల మీద ఫిల్లర్ రంధ్రం అంచుకి ఆయిల్ వచ్చి కారడమే సరైన గుర్తు. గేర్‌బాక్స్‌లో 75డబ్ల్యూ-90 (చిక్కదనం) జీఎల్-4 (తరగతి) గేర్ ఆయిల్ పోయండి. షాపులో నైంటీ ఆయిల్ అని అడిగితే క్రౌన్‌లో పోసే జీఎల్-5 చేతిలో పెడతారు. క్రౌన్‌కి అది మంచిదే. కానీ కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం రసాయనాలు ఇత్తడి రింగులను తింటాయి. జారుడు ఎక్కువవడం వల్ల రింగు పట్టు కూడా తగ్గుతుంది. డబ్బా మీద జీఎల్-4 అని చదివి మరీ కొనండి.

కేబుల్ ఆట 20-30 మిల్లీమీటర్లకు పెట్టి, స్టాండ్ల మీదే ఇంజిన్ ఆన్ చేసి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత కిందికి దించి రివర్స్ పరీక్ష మళ్లీ చేయండి. మొదటి 500 కిలోమీటర్లు బురదలోకి దిగకండి, బండిని లాగడానికి వాడకండి, ఎత్తులో క్లచ్ మీద నిలపకండి. లైనింగ్, ఫ్లైవీల్ ముఖం ఒకదానికొకటి కుదురుకోవాలి. ఆ మధ్యలో కేబుల్ ఆట మారుతుంది కాబట్టి వారానికోసారి చూడండి. 500 దాటాక బాక్స్ విప్పి ఉంటే ఆయిల్ మార్చేయండి. కొత్త రింగుల పొడి మొత్తం అందులోనే ఉంటుంది. అదే రోజు కింద పడుకుని ట్రాన్స్‌ఫర్ మౌంటింగులు, చిన్న షాఫ్ట్ ఫ్లాంజ్ బోల్టులు మరోసారి బిగించండి.